మొదటి చాకు: కొలిమి కావాలా, ఆకురాయి చాలా?

గోదారోడు
అందరికీ నమస్కారం. సొంతూరు రాజమండ్రి, ఉద్యోగం హైదరాబాద్‌లో, కాపురం మియాపూర్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. చేత్తో ఏదైనా వస్తువు చేయాలని ఎప్పట్నుంచో ఉంది, చివరికి మనసు కత్తుల మీద పడింది. అమ్మడానికి కాదు, సరదాకే. వీడియోల్లో చూస్తే ఒక్కొక్కడి దగ్గర గ్యాస్ కొలిమి, ఇద్దరు మోసినా కదలని దాగలి, మనిషెత్తు బెల్టు గ్రైండరు. నా దగ్గరున్నవి ఒక డ్రిల్లు, ఒక బాల్కనీ, ఆదివారాలు.

రెండు సందేహాలు. కొలిమి లేకుండా కత్తి చేయడం అసలు కుదురుతుందా? పాత ఇనప సామాను కొట్టాయన లారీ కమాన్ పట్టీ (చక్రాల పైన బరువు మోసే స్ప్రింగు పట్టీ) ముక్క కిలోల లెక్కన ఇస్తానంటున్నాడు, తీసుకోనా?

కుర్రచాకు
బ్రో, నేనూ ఇదే ఆలోచనలో ఉన్నా. కానీ చాకేంటి బ్రో, మొదలెడితే గూర్ఖాల వంపు కత్తి, కుక్రీతోనే మొదలెట్టాలి. పన్నెండంగుళాలు! మా ఇల్లు కట్టినప్పటి టీఎంటీ కడ్డీ ముక్కలు బోలెడున్నాయి, కాల్చి సాగదీస్తే సరిపోదా?

బాలానగర్‌_ఫిట్టర్
ముందు కుర్రచాకుకి. టీఎంటీలో కార్బన్ 0.3 శాతం లోపే. ఎంత కాల్చినా, ఎందులో ముంచినా అంచు నిలబడేంత గట్టిపడదు. ఎంఎస్ ఫ్లాటు (మామూలు మెత్త ఇనుప పట్టీ) కూడా అంతే. వాటితో కొట్టడం నేర్చుకోవచ్చు, కత్తి మాత్రం రాదు.

గోదారోడు గారూ, మొదటి చాకుకి ఆకారం తేవడానికి కొలిమి అక్కర్లేదు, చివర్లో గట్టిపరచడానికి ఒక పూట చిన్న నిప్పు చాలు. కత్తి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ఇనుమును కాల్చి సుత్తితో ఆకారానికి తేవడం. రెండోది ఉక్కు పట్టీ కొని, కత్తి కానిదంతా కోసి, అరగదీసి పారేయడం. రెండో దారికి కావలసినవి చెప్తాను: బెంచి వైసు, హ్యాక్సా, పన్నెండంగుళాల బాస్టర్డ్ ఫైలు (ముతక పళ్లది) ఒకటి, సెకండ్ కట్ (కాస్త సన్న పళ్లది) ఒకటి, ఎమరీ పేపర్లు, సీ క్లాంపులు రెండు. డ్రిల్లు మీ దగ్గర ఉండనే ఉంది. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఒక పూట తిరిగితే అన్నీ దొరుకుతాయి. ఆకురాయి దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. చవక ఫైలు పది నిమిషాల్లో నున్నగా అయిపోతుంది, తప్పు మీ చేతిదనుకుంటారు.

కమాన్ పట్టీ వద్దు. ఎందుకంటే అది వంపు తిరిగి ఉంటుంది, లావుగా ఉంటుంది, ముందే గట్టిపరచి ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు ఫైలు పెడితే నెల తిరిగేలోపు కత్తులంటేనే విరక్తి వస్తుంది. కత్తులు చేసేవాళ్లకు ఉక్కు అమ్మే ఆన్‌లైన్ దుకాణాలు ఇప్పుడు మన దేశంలోనూ ఉన్నాయి. 1084 అనిగానీ, 80సీఆర్‌వీ2 అనిగానీ అడగండి, గట్టిపడేంత కార్బన్ ఉన్న ఉక్కు రకాలవి. 3 మి.మీ. మందం, మెత్తబరిచిన స్థితిలో ఇస్తారు, హ్యాక్సా చక్కగా దిగుతుంది. మూడున్నర అంగుళాల బ్లేడు, నాలుగున్నర పిడి. అంతకు మించి ఆశపడకండి.

కొలిమికాడ
ఫిట్టరన్నా, కమాన్ పట్టి మీద గంత చిన్నచూపెందుకే? మాది సిద్దిపేట దిక్కు, మూడు తరాల కమ్మరి పని. గొడ్డలి, పార, కత్తిపీట, కక్కు కొడవలి, అన్నీ ఆ పట్టిలకెల్లి పుట్టినయే. ఏ నంబరు ఉక్కో మా నాయినకు ఎవ్వరు చెప్పలె, చీటి ఎవ్వరు ఇయ్యలె. కాల్చిన ముక్క సుత్తెకింద ఎట్ల కదులుతుందో చూసి చెప్పేటోడు, ఇది పనికొస్తది, ఇది రాదు అని.

గోదారోడు తమ్మీ, ఆకురాయితోని చేస్తే తప్పేం లేదు. కని నువ్వు ఉక్కును అరగదీస్తున్నవు, మేము ఉక్కును జరుపుతం. కిలో పట్టి కొంటే కిలో కత్తే రావాలె మాకు. పొడి కింద పోతే ఎవని సొమ్ము?

బాలానగర్‌_ఫిట్టర్
అన్నా, చిన్నచూపు కాదు. మీ నాన్నగారికున్న కన్ను ఈయనకు లేదు, అదే నా బాధ. మన లారీ పట్టీల్లో ఈఎన్ 45 అనే స్ప్రింగు ఉక్కు చాలా కనిపిస్తుంది. సిలికాన్ ఒకటిన్నర, రెండు శాతం దాకా ఉంటుంది. దాన్ని సరిగ్గా గట్టిపరచాలంటే వేడి 900 డిగ్రీల దగ్గరికి పోవాలి. వీడియోలు చూసినవాళ్లు, కాలిన ఉక్కుని అయస్కాంతం పట్టు వదలగానే నూనెలో ముంచుతారు. అది 770 డిగ్రీలు, ఈ ఉక్కుకి చాలదు. 1084 అయితే 815 దగ్గర పనైపోతుంది. అంటే అయస్కాంతం వదిలాక రంగు ఇంకొక్క మెట్టు ఎక్కితే చాలు. కొత్తవాడికి ఆ వెసులుబాటు కావాలి.

ఇంకోటి, వాడేసిన పట్టీలో కంటికి కనిపించని చీలికలు...

కొలిమికాడ
ఆ, గా మాట మాత్రం ఖరారు. పదేండ్లు లారి కింద ఊగిన పట్టికి లోపల నెర్రెలుంటయ్. పని అంతా అయినంక, నూనెల ముంచంగనే టంగుమంటది. ఆ సప్పుడు విన్నోనికి తెలుస్తది ఆ కడుపుమంట.

పాత ముక్క ఏది తెచ్చినా మేం చేసే పరీక్ష జెప్త. వేలంత ముక్క కోసి, ఎర్రగ కాల్చి, నూనెల ముంచు. సల్లారినంక వైసుకు పట్టి, పైన గుడ్డ కప్పి, సుత్తెతోని ఒక్కటెయ్యి. కండ్లకు అద్దాలు పెట్టుకొని. వంగితే పారెయ్యి, అది ఉత్త ఇనుము. పుటుక్కున ఇరిగితే లోపలి ముఖం జూడు. పంచదార పలుకుల్లెక్క మెరిస్తే కాక ఎక్కువైంది. బూడిద రంగుల, మెత్తగ, పలుకు కనబడకుంట ఉంటే నీ కాక సరిపోయింది. ఈ పరీక్ష కొన్న ఉక్కుకు గూడ చెయ్యి. నంబరు రాసిచ్చినంత మాత్రాన నీ పొయ్యి నంబరు మారదు.

బాలానగర్‌_ఫిట్టర్
ఇది మాత్రం రాసి గోడకి అంటించుకోండి గోదారోడు గారూ. మా టూల్‌రూమ్‌లో కొత్త బ్యాచి వస్తే మేం చేసేదీ ఇదే, మా దగ్గర మిషను ఉంది గనక పరీక్ష పేరు మాత్రం మారుతుంది.

రూలుకర్ర
ఎవరూ అడగకపోయినా నా వంతు. కుర్రచాకు గారి పన్నెండంగుళాల కుక్రీ గురించి. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 నియమాల్లో, 9 అంగుళాల కంటే పొడవు గానీ 2 అంగుళాల కంటే వెడల్పు గానీ బ్లేడు ఉన్న కత్తులు, కుక్రీలతో సహా, పదునైన ఆయుధాల జాబితాలో ఉన్నాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవాటికి మినహాయింపు. అంటే కత్తిపీట, కొబ్బరిబోండాల కత్తి మీద ఎవరూ రారు. గోడకు తగిలించుకుందామని చేసిన కుక్రీకి ఆ మాట చెప్పలేరు.

రెండోది. విదేశీ వీడియోల్లో రైలు పట్టా ముక్కని దాగలిగా వాడతారు. మన దగ్గర అది రైల్వే ఆస్తి. ఎక్కడిదో చెప్పలేకపోతే 1966లో వచ్చిన ప్రత్యేక చట్టం ఉంది, కేసు పెడతారు. పాత సామాను కొట్లో దొరికిందంటే సరిపోదు.

కుర్రచాకు
సరే సార్, కుక్రీ వాయిదా. టీఎంటీ కూడా వాయిదా. మరి పిడికి మా మామయ్య వాళ్లింట్లో చిన్న ఎర్రచందనం ముక్క...

రూలుకర్ర
బాబూ, నువ్వు నా ఫీజు వసూలు చేయించేలా ఉన్నావు. దాని జోలికి పోకు.

డాలస్‌_సుత్తి
గుంటూరు జిల్లా వాణ్ణి, ఇరవై ఏళ్లుగా టెక్సస్‌లో. గ్యారేజీలో కొలిమి పెట్టాను. చర్చ బాగుంది, ఒక మాట కలుపుతాను.

ఇక్కడ అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ అని 1976లో మొదలైన సంఘం ఉంది. వాళ్ల జర్నీమన్ (మొదటి హోదా) పరీక్షలో తాను స్వయంగా కొట్టి చేసిన కత్తితో, వేలాడుతున్న అంగుళం లావు తాడును ఒక్క వేటుకి తెంపాలి. తర్వాత రెండు బై నాలుగు అంగుళాల కట్టెను రెండుచోట్ల నరకాలి. ఆ తర్వాత కూడా అదే అంచు చేతి మీద వెంట్రుకలు గొరగాలి. చివర్లో వైసులో బిగించి 90 డిగ్రీలు వంచాలి, విరగకూడదు. పరీక్ష నెగ్గినా కత్తి పోతుంది.

ఇది చూసి కొత్తవాళ్లు ఇంట్లో చాకును కూడా వంచి చూస్తారు. వద్దు. ఆ పరీక్ష కత్తికి వెన్ను మెత్తగా, అంచు గట్టిగా ఉండేలా ప్రత్యేకంగా కాకపెడతారు. టమాటా కోసే చాకుకి ఆ గుణంతో పని లేదు.

వంటిల్లే_ల్యాబ్
నేను కత్తులు చేసేదాన్ని కాదు, వాడేదాన్ని. ఇంట్లో మరిది చేసిచ్చినది ఒకటి, ఎగ్జిబిషన్లో కొన్నది ఒకటి ఉన్నాయి. రెండూ చూడ్డానికి అద్భుతం, వంటింట్లో దండగ. మీరంతా ఉక్కు నంబర్ల గురించి మాట్లాడుతున్నారు, మందం గురించి ఒక్కరూ మాట్లాడరేం?

క్యారెట్ కోసి చూడండి. మంచి కత్తి అయితే చివరిదాకా దిగుతుంది. లావు కత్తి అయితే సగం దాకా దిగి, మిగతా సగం టప్పున పగులుతుంది, ముక్క ఎగిరి స్టవ్ కింద పడుతుంది. అంచు ఎంత పదునుగా ఉన్నా ఇదే గతి, ఎందుకంటే అంచు వెనకాల మేకులా బలిసి ఉంటుంది. మా అమ్మ కత్తిపీట నలభై ఏళ్లది, సాన పట్టి పట్టి సగం అరిగిపోయింది, అయినా బెండకాయని నలగనివ్వదు. ఎందుకో ఆలోచించండి.

బాలానగర్‌_ఫిట్టర్
అక్కా, నూటికి నూరుపాళ్లు. గోదారోడు గారూ, నేను 3 మి.మీ. అన్నది చేయి తిరగడానికి. వంటింటి కోసమే అయితే 2 మి.మీ. పట్టీ తీసుకోండి. ఫైలు పని కూడా తగ్గుతుంది. అయితే పలచని బ్లేడు నూనెలో వంకర తిరిగే అవకాశం ఎక్కువ. కాబట్టి కాక పెట్టి నూనెలో ముంచేముందు అంచును పూర్తిగా పలచన చేయొద్దు, ముప్పాతిక మిల్లీమీటరు వదిలెయ్యండి. మిగతాది గట్టిపడ్డాక నీళ్లు చల్లుకుంటూ అరగదీయాలి.

ఇప్పుడు అసలు పని. అట్ట మీద ఆకారం గీసి, కోసి, చేత్తో పట్టుకుని చూడండి. ఉల్లిపాయ కోస్తున్నట్టు పలక మీద ఆడించండి. వేళ్ల కణుపులు పలకకు తగిలితే బ్లేడు ఎత్తు పెంచాలి. అట్టకి నచ్చాక ఉక్కు మీద మార్కరుతో గీయండి.

అంచు మందం మీద నడిమి గీత తేవడానికి ఒక చిట్కా. ఉక్కు ఎంత మందమో అంత మందం డ్రిల్లు బిట్టు తీసుకోండి. అంచంతా మార్కరు పూసి, ఉక్కుని గాజు పలక మీద పడుకోబెట్టి, బిట్టుని కూడా పక్కనే పడుకోబెట్టి దాని మొనతో అంచు వెంబడి గీకండి. మొన సరిగ్గా సగం ఎత్తులో ఉంటుంది కదా, గీత సరిగ్గా నడిమిన పడుతుంది. తిరగేసి ఇంకోసారి గీస్తే తేడా ఉంటే తెలిసిపోతుంది. ఆ గీత దాకానే ఇటు నుంచి, అటు నుంచి ఫైలు రావాలి. చేతి వాటం నిలవకపోతే చెక్కకి ఒక ఐ బోల్టు (తలకి కన్నం ఉన్న బోల్టు) దిగ్గొట్టి, ఫైలుకి ఒక కడ్డీ కట్టి, ఆ కడ్డీని బోల్టు కంట్లోంచి ఆడించండి. కోణం మారదు.

పిడి రంధ్రాలు కాక పెట్టకముందే వేయాలి. తర్వాత బిట్లు విరుగుతాయి, రంధ్రం పడదు.

బాల్కనీలో ఫైలు రుద్దుకోవచ్చు, పక్కింటివాళ్లకి పెద్దగా వినపడదు. యాంగిల్ గ్రైండరు తిప్పారో, అసోసియేషన్ సెక్రటరీ మెట్లెక్కి వస్తాడు. ఎమరీ కొట్టేటప్పుడు, ముఖ్యంగా పిడి చెక్క రుద్దేటప్పుడు ఎన్95 మాస్కు. గుడ్డ మాస్కు చాలదు.

గోదారోడు
ఇంత రాస్తారనుకోలేదు, అందరికీ దణ్ణాలు. 80సీఆర్‌వీ2 కోసం చూస్తే స్టాకు లేదన్నారు, 1084 రెండున్నర మి.మీ. దొరికింది. మరి కాక ఎక్కడ పెట్టాలి? ఫ్లాటులో నిప్పు పెడితే సెక్రటరీ కాదు, ఫైరింజనే వస్తుంది.

కొలిమికాడ
నిప్పు పెద్దది అక్కరలేదు. దోస్తుగాని జాగల ఇటుకలు పేర్చి పొయ్యి జేస్కో. కట్టెబొగ్గు చాలు, ఇస్త్రీ బండోళ్లు తెచ్చే తుమ్మబొగ్గు మస్తు కాక ఇస్తది. గాలికి చిన్న బ్లోయరు, లేకుంటే జుట్టు ఆరబెట్టే మిషను గొట్టం పెట్టు. ఇంట్ల వంట సిలిండరు మాత్రం ముట్టకు. వాగు రాళ్లు పొయ్యికి పెట్టకు, లోపల తడి ఉంటే పేల్తయ్.

పొద్దూకినంక చెయ్యి, ఎండల రంగు కనబడదు. కత్తిని గాలి తలిగే తావుల పెట్టకు, బొగ్గు నడుమ ఇటటు జరుపుకుంట ఉండు. మొన పలచగుంటది గద, అదే తొందరగ కాగుతది, దాన్నే కనిపెట్టుకొని ఉండు. ముందుగాల మూడు మాట్ల ఎర్రగ కాల్చి గాలికి సల్లార్చు, లోపలి పలుకు సన్నబడ్తది. గప్పుడు ఆఖరి కాక.

డాలస్‌_సుత్తి
అయస్కాంతంతో పాటు వంటింటి ఉప్పు కూడా తీసుకెళ్లండి. ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బ్లేడు మీద చిటికెడు చల్లితే, కరిగి నీరైందంటే 1084కి కావలసిన చోటికి వచ్చినట్టే.

ముంచడానికి పల్లీ నూనె బాగా పనిచేస్తుంది. 50, 60 డిగ్రీలకు వెచ్చబెట్టండి, చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని ఆలస్యంగా లాగుతుంది. పాత ఇంజనాయిలు వద్దు, ఆ పొగ ఒంటికి మంచిది కాదు. బ్లేడు కంటే లోతైన ఇనుప డబ్బా, పక్కనే దానికి సరిపోయే ఇనుప మూత. నూనె అంటుకుంటే మూత పెట్టండి, నీళ్లు పోయకండి. ముంచాక ముందుకీ వెనక్కీ ఆడించండి, పక్కలకి ఆడిస్తే వంకర ఖాయం.

గోదారోడు
శంకర్‌పల్లిలో ఫ్రెండు వాళ్ల స్థలంలో ముంచడం అయిపోయింది! బ్లేడు తిన్నగానే ఉంది. కానీ ఒక అనుమానం. గట్టిపడితే ఆకురాయి జారాలంటారు కదా. రుద్దితే కొరుకుతోంది, పొడి రాలుతోంది. మళ్లీ కాల్చమంటారా?

బాలానగర్‌_ఫిట్టర్
ఆగండి, ఆగండి. ఒకేచోట గట్టిగా నాలుగైదు సార్లు రుద్ది చూడండి. బొగ్గు నిప్పులో ఉన్నంతసేపూ పైపొరలోంచి కార్బన్ కాలిపోతుంది. ఆ పలచటి పొర మెత్తగానే ఉంటుంది. అది పోయాక ఫైలు జారితే కింద బాగున్నట్టు. అప్పటికీ కొరికితేనే మళ్లీ కాక.

గోదారోడు
జారింది! గాజు మీద రుద్దినట్టు కిర్రుమని జారిపోయింది.

బాలానగర్‌_ఫిట్టర్
అయితే పెళుసుదనం తగ్గడానికి ఇవాళే ఓటీజీలో (కరెంటు ఓవెన్) పెట్టండి, రేపటికి వదలొద్దు. ఈ స్థితిలో కిందపడితే గాజులాగే రెండు ముక్కలు. ముందు బ్లేడును ఎమరీతో తెల్లగా మెరిసేలా రుద్దండి, లేకపోతే రంగు కనపడదు. ఓటీజీ నాబు మీద అంకెను నమ్మకండి, లోపల పెట్టే థర్మామీటరు కొనండి. ట్రేలో ఇసుక పోసి, ముందు అది బాగా కాగాక బ్లేడును దాని మీద పెడితే వేడి ఎగుడుదిగుడుగా తగలదు. 200 డిగ్రీలు, రెండు గంటలు. బయటికి తీసి చల్లారనిచ్చి మళ్లీ రెండు గంటలు. లేత గడ్డి రంగు రావాలి. నీలం వచ్చిందంటే 300 దగ్గరికి పోయినట్టు, అది స్ప్రింగుకి బాగుంటుంది, చాకుకి మెత్తన.

వంటిల్లే_ల్యాబ్
వాడటం మొదలెట్టాక ఒక సంగతి. ఇది స్టీలు చాకు కాదు. నిమ్మకాయ, చింతపండు, ఉల్లిపాయ తగిలితే నల్లబడుతుంది. భయపడి పీచుతో తోమకండి, ఆ నలుపు మంచిదే, తుప్పును కొంత ఆపుతుంది. ఎర్ర తుప్పు వేరు, అది రానివ్వకూడదు. కోసిన వెంటనే కడిగి, తుడిచి, ఒక చుక్క నూనె. సింకులో రాత్రంతా వదిలేశారో, పొద్దున్నకి ఎర్రబడి ఉంటుంది.

గోదారోడు
గమనించాను అక్కా. ఇక పిడి ఒక్కటే మిగిలింది. ఊళ్లో చింత చేవ ముక్క ఉంది, బాగా ఎండింది. పైన అవిసె నూనె పట్టిద్దామనుకుంటున్నా. సరేనా?

కొలిమికాడ
చింత చేవంటే మాట్లాడేదే లేదు. సుత్తె కామకు మేం వాడేది గదే.

బాలానగర్‌_ఫిట్టర్
సరే. రెండు చెక్కలకీ, ఉక్కుకీ లోపలి ముఖాలు ముతక ఎమరీతో గరుకు చేసి, ఎసిటోన్‌తో తుడిచి, మళ్లీ వేలు తగలనివ్వకండి. రెండు ట్యూబుల అరల్డైట్, తొందరగా ఆరే రకం కాకుండా మామూలుది. ఇత్తడి కడ్డీ ముక్కలు పిన్నులుగా. సీ క్లాంపు బలంగా బిగిస్తే జిగురంతా బయటికి కారిపోయి లోపల ఏమీ మిగలదు, ఆనించి వదిలెయ్యండి. బ్లేడుకి ముందే టేపు చుట్టండి, పిడి రుద్దేటప్పుడు చేతులు తెగేది అక్కడే.

పదును ఆఖర్న. 400 గ్రిట్ సానరాయి మీద మొదలెట్టి 1000 మీద ముగించండి, ఒక్కో వైపు పదిహేను డిగ్రీలు.

అవిసె నూనె పూసిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. ఆరుతూ వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. బాల్కనీ తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పారేయండి.